అద్దంకి ఎఱ్ఱన: విధియు, పురుషకారమును

అద్దంకి పేరు తలచినంతనే గుండ్లకమ్మ తీరమున వెలసిన రెడ్డిరాజ్యమును, ఆ కొలువును వెలయించిన ఎఱ్ఱాప్రగడయు మనకు స్ఫురింతురు. సగములో నిలిచిన మహాగ్రంథమును పూరించిన ఆ మహనీయుని చరితమును ఈ రజతోత్సవవేళ స్మరించుట మిక్కిలి యుచితము.

ఎఱ్ఱన తండ్రి సూరనార్యుడు, తల్లి పోతమాంబ. గురువు శంకరస్వామి. శివభక్తుడగుటచే శంభుదాసుడనియు, కవితాప్రౌఢిచే ప్రబంధ పరమేశ్వరుడనియు ఆయన ప్రసిద్ధి కెక్కెను. 1323లో ఓరుగల్లు పడిపోయెను. కాకతీయ సామ్రాజ్యము అంతరించెను. అంతయు విధివ్రాత యని జనులు చేతులు ముడుచుకొని కూర్చుండదగిన కాలమది. అట్టి కాలమున ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యము నిలిపెను. ఆయన కొలువున ఎఱ్ఱన కావ్యములు వ్రాసెను.

పదునొకండవ శతాబ్దిలో నన్నయ భారతాంధ్రీకరణమున కుపక్రమించి, అరణ్యపర్వపు నాలుగవ యాశ్వాసములో శరద్రాత్రులను వర్ణించుచుండగా రచన ఆగిపోయెను. పిదప తిక్కన విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు రచించెను గాని ఆ కొఱతను ముట్టలేదు. అరణ్యపర్వమును చేపట్టినవారికి కీడు మూడునను భయమే దీనికి కారణమని జనశ్రుతి. దాదాపు మూడువందల యేండ్లు ఆ లోటు అట్లే యుండెను. ఎఱ్ఱన దానిని నిర్భయముగా పూరించెను. తన పేరు ముందుంచుకొనక, నన్నయయే వ్రాసినట్లుగా రాజరాజనరేంద్రునికే దానిని అంకితము చేసెను.

ఆయన వంతునకు వచ్చిన కథలును విధిని గూర్చినవే యగుట విశేషము. ధర్మము తప్పని తాము అడవులపాలు కాగా, అధర్మపరులు సుఖించుట యేమని ధర్మరాజు మార్కండేయునడుగును. ప్రళయజలములలో వటపత్రముపై శయనించిన బాలుని గాంచి, ఆతని గర్భమున సమస్తలోకములను దర్శించిన ముని యాతడు. యుగములు చక్రమువలె తిరుగుననియు, చేసిన కర్మము నీడవలె వెన్నంటుననియు ఆయన తెలుపును. అట్లయిన మనుజుని చేతిలో నేమున్నది?

దీనికి ధర్మవ్యాధుని కథ యొక సమాధానము. మిథిలలో మాంసమమ్ము వృత్తి ఆతనికి పూర్వకర్మఫలముగా వచ్చినది. సత్యమును, మాతాపితరుల సేవయు మాత్రము ఆతడు తానై యెన్నుకొన్నవి. సావిత్రి కథ మఱియొకటి. సత్యవంతునికి ఏడాదియే ఆయువని నారదుడు చెప్పినను ఆమె తన వరణమును మార్చుకొనలేదు. మృత్యుదినమును లెక్కించుచు, వ్రతము పూని, యముని వెంట నడచి పతిని మరల బడసెను. కల్పముల ముందు ఒక సంవత్సరమెంత? ఆ స్వల్పకాలమునందే ఆమె సంకల్పము ఫలించెను.

విధి మనకు స్థితిని ఒసగును. అందు నడచు నడవడి మనదని ఈ కథలు బోధించుచున్నవి. ఎఱ్ఱన జీవితమును అదియే చాటుచున్నది.

వేమారెడ్డికి అంకితమైన హరివంశమును, అహోబల నరసింహునికి అంకితమైన నృసింహపురాణమును నేటికిని నిలిచియున్నవి. ఆయన వ్రాసిన రామాయణము మాత్రము కాలగర్భమున కలిసెను. గ్రంథమును వ్రాయుట కవి వంతు. కాపాడుట తరువాతివారి వంతు. చెదలును, తేమయు, మన యలసత్వమును గూడ విధి యనరాదు. ఆ వంతు పని నెరవేర్చుటకే ఊరూర గ్రంథాలయములు వెలసినవి.