బంతి కదిలిందని తనే చెప్పుకున్నోడు

గోల్ఫ్ గురించి రాస్తున్నా అంటే దుమ్ముగూడెం, చర్ల దిక్కు పిలగాళ్లు నవ్వుతరు. అది పైసలున్నోళ్ల ఆట, మనకేం పని అంటరు. నిజమే, గోల్కొండ కోట దగ్గర గోల్ఫ్ మైదానం ఉందని మన ఊళ్లల్ల ఎంతమందికి తెలుసు? కానీ ఆ ఆటల బాబీ జోన్స్ అని ఒక మనిషి ఉండె. చచ్చిపోయి యాభై ఏండ్లు దాటింది. కబడ్డీ ఆడే ప్రతి పిలగాడు ఆయన కథ ఒక్కసారన్న వినాలని నా కోరిక. ఎందుకో చెప్త.

మన కబడ్డీల గొడవ ఎక్కడ మొదలైతది? టచ్ దగ్గర. కూతకొచ్చినోడి వేలు తగిలిందా లేదా అన్నది ఆ ఇద్దరికే తెలుసు. అంపైర్‌కు చానాసార్లు కనపడదు. సంక్రాంతి పోటీల్ల నేను ఈల పట్టుకొని నిలబడ్డోన్ని. అంగీ అంచుకు వేలు తగిలిందన్న ఒక్క పాయింట్ మీద రెండూళ్లోళ్లు మాటలు బంద్ చేసుకున్నది కండ్లార చూసిన. తగిలినోడు తనంతట తను చెయ్యెత్తి గీత బయటికి పోతే అసలు గొడవే ఉండదు. గోల్ఫ్ మొత్తం ఆ చెయ్యెత్తుడు మీదనే నడుస్తది.

ఆట తెల్వనోళ్లకు జర చెప్త. మైదానంల 18 గుంటలుంటయి. తక్కువ దెబ్బలతోని బంతిని అన్ని గుంటల్ల వేసినోడు గెలుస్తడు. గుంట చుట్టు గడ్డిని నున్నగ కోస్తరు, దాన్ని గ్రీన్ అంటరు. గ్రీన్ మీద బంతిని మెల్లగ దొర్లించే కర్ర పేరు పుట్టర్. ఇంత పెద్ద మైదానంల ప్రతి ఆటగాడి వెంట అంపైర్ తిరగడు. కొట్టేముందు కర్ర తగిలి బంతి ఇంచు కదిలినా ఆటగాడే చెప్పుకోవాలె. పాత రూల్ల అయితే కావాలని చేసినా, పొరపాటున తగిలినా ఒకటే. లెక్కల ఒక దెబ్బ కలిపేటోళ్లు.

జోన్స్ 1902 మార్చి 17న అమెరికాల అట్లాంటాల పుట్టిండు. చిన్నప్పుడు కడుపు జబ్బుతోని బక్కగ ఉండెటోడు. వాళ్ల ఇల్లు ఈస్ట్ లేక్ గోల్ఫ్ మైదానం పక్కకు మారినంక, స్టూవర్ట్ మెయిడెన్ అనే స్కాట్లాండ్ ఆటగాడు ఎట్ల కొడుతున్నడో చూసి చూసి నేర్చుకున్నడు. 14 ఏండ్లకే, 1916ల, అమెరికా అమెచ్యూర్ పోటీల దిగిండు.

పుట్టుకతోనే పెద్దమనిషి ఏం కాదు. మస్తు కోపం. దెబ్బ సరిగ పడకపోతే కర్రలు ఇసిరేటోడు. 1921ల స్కాట్లాండ్ సెయింట్ ఆండ్రూస్‌ల బ్రిటిష్ ఓపెన్ ఆడుకుంట, ఇసుక గుంతల బంతి ఇరుక్కుంటే విసిగి, బంతి చేతికి తీసుకొని పోటీ వదిలేసిండు. దానికి తర్వాత సానా సిగ్గుపడ్డడు. ఆ కోపాన్ని అణుచుకునుడు నేర్చుకున్నంకనే, 1923ల, మొదటి పెద్ద కప్పు, అమెరికా ఓపెన్ గెలిచిండు. మధ్యల చదువు ఆపలే. 1922ల జార్జియా టెక్‌ల మెకానికల్ ఇంజినీరింగ్, 1924ల హార్వర్డ్‌ల ఇంగ్లిష్ సాహిత్యం పూర్తి చేసిండు, తర్వాత వకీలు అయిండు. ఆడినన్ని రోజులు పోటీల్ల బహుమతి పైసలు ముట్టలే.

ఇగ అసలు సంగతి 1925ది. మసాచుసెట్స్‌ల వూస్టర్ కంట్రీ క్లబ్‌ల అమెరికా ఓపెన్. మొదటి రౌండ్, 11వ గుంట. గ్రీన్ పక్క గట్టు మీద గుబురు గడ్డిల బంతి ఉంది. జోన్స్ కొట్టనీకి నిలబడి కర్ర పెట్టంగనె గడ్డి అదిరి బంతి జరంత కదిలింది. పక్కన ఆడుతున్న వాల్టర్ హేగెన్ చూడలే, అధికారులు చూడలే. జోన్స్ ఒక్కడే చూసిండు. కదిలిందని తనే చెప్పిండు. వాళ్లు నిర్ణయం ఆయనకే వదిలిపెడితే, ఒక దెబ్బ కలపాల్సిందే అని పట్టుబట్టిండు. 76 కావాల్సిన లెక్క 77 అయింది.

ఆ పోటీ ఎట్ల ముగిసిందో చూడుండ్రి. నాలుగు రౌండ్లు అయినంక జోన్స్, విల్లీ మాక్‌ఫర్లేన్ ఇద్దరూ 291 దగ్గర సమానం. మళ్ల 18 గుంటలు ఆడితే ఇద్దరివీ 75. ఇంకో 18 ఆడితే మాక్‌ఫర్లేన్ 72, జోన్స్ 73. ఒక్క దెబ్బతోని కప్పు పోయింది. మొదటి రోజు నోరు మూసుకుంటే టై దాకా కూడా వచ్చేది కాదు. జనం మెచ్చుకుంటే ఆయనకు నచ్చలే. రూల్ పాటించుడు కూడా పొగడాల్సిన పనేనా అన్నట్టు మాట్లాడిండు.

ఏడాది తిరగంగనె ఒహాయోల స్కియోటోల మళ్ల అదే పరీక్ష. ఈసారి గ్రీన్ మీదనే, పుట్టర్ పెట్టంగనె బంతి కదిలింది. మళ్ల తనే చెప్పుకొని దెబ్బ కలుపుకున్నడు. అయినా జో టర్నేసా మీద ఒక్క దెబ్బ తేడాతోని గెలిచిండు. 1930ల ఒక్క ఏడాదిల నాలుగు పెద్ద కప్పులూ కొట్టి, 28 ఏండ్లకే పోటీలు బంద్ చేసిండు. తర్వాత ఆగస్టా నేషనల్ మైదానం కట్టించిండు. 1934 నుంచి అక్కడ ఆడే పోటీనే ఇప్పటి మాస్టర్స్. 1948 తర్వాత ఆడలేకపోయిండు. వెన్నుపాముకు రోగమొచ్చి చేతికర్రతోని, తర్వాత చక్రాల కుర్చీల బతికి 1971 డిసెంబర్ 18న పోయిండు.

ఆయన్ని దేవుణ్ణి చేయనీకి నేను రాస్తలేను. ఆగస్టాల సంచులు మోసినోళ్లు నల్లజాతోళ్లు. మెంబర్‌గ మాత్రం 1990 దాకా ఒక్క నల్లజాతోన్ని రానియ్యలే. మాస్టర్స్‌ల మొదటి నల్లజాతి ఆటగాడు లీ ఎల్డర్ దిగింది 1975ల, జోన్స్ పోయిన నాలుగేండ్లకు. బంతి దగ్గర అంత నిక్కచ్చిగ ఉన్న మనిషి, తను కట్టించిన గేటు దగ్గర ఆ నిక్కచ్చి చూపియ్యలే. అడవి అంచున బతికే మనకు మూసిన గేటు అంటే ఏందో వేరే చెప్పే పని లేదు. ఆయన దగ్గర నేర్చుకునేది నేర్చుకుందాం, మిగతాది గుర్తుపెట్టుకుందాం.

ఇప్పుడు రూల్ మారింది. 2016ల ఓక్‌మాంట్‌ల అమెరికా ఓపెన్ చివరి రోజు డస్టిన్ జాన్సన్ బంతి గ్రీన్ మీద కదిలింది. నేను కదిలియ్యలే అని ఆయన చెప్పిండు. అధికారులు వీడియోలు చూసి, ఆట అయినంక ఒక దెబ్బ కలిపిండ్రు. అయినా ఆయనే గెలిచిండు గానీ పెద్ద లొల్లి అయింది. 2017ల లోకల్ రూల్‌గ, 2019ల అసలు రూల్‌గ మార్పు తెచ్చిండ్రు. గ్రీన్ మీద పొరపాటున బంతి కదిలితే శిక్ష లేదు, ఉన్న జాగల మళ్ల పెట్టి ఆడాలె. గ్రీన్ బయట మాత్రం దెబ్బ ఇంకా పడుతది, వెతికేటప్పుడు తగిలితే తప్ప. అంటే స్కియోటోల జోన్స్ కలుపుకున్న దెబ్బ ఇయ్యాల పడదు. వూస్టర్‌ది ఇయ్యాల్టికీ పడుతది.

రూల్ మెత్తవడ్డది, ఇగ నిజాయితీతోని పనేముంది అనుకుంటరేమో. నాకు ఉల్టా అనిపిస్తది. పొరపాటునా, కావాలనా అన్నది ఏ కెమెరాకు దొరుకుతది? బంతి అసలు ఏ జాగల ఉండెనో ముందుగాల చెప్పాల్సింది ఎవరు? కదిలించినోడే. అందుకే కొత్త రూల్ల ఆటగాడి మాటకు విలువ ఇంకింత పెరిగింది.

మన కబడ్డీ పోటీల్ల ఇప్పుడు ఊరికి పది ఫోన్లు వీడియో తీస్తున్నయి. గొడవలు తగ్గినయా? ఒక్కో ఫోన్ ఒక్కో తీరు చూపిస్తది. ఈ సంక్రాంతికి ఒక పని చేసి చూడుండ్రి. ఆట మొదలుకాకముందే రెండు టీముల కెప్టెన్లు అందరి ముంగట ఒప్పుకోవాలె, తగిలినోడు తనే చెయ్యెత్తాలె అని. చెయ్యెత్తినోన్ని సొంత టీమోళ్లు తిట్టొద్దు. మనకాడ నిజం చెప్పే పిలగాళ్లు ఉన్నరు. ఆట అయినంక ఇంటికాడ తిట్లు పడతయన్న భయానికే సగం మంది నోరు ఇప్పరు. పాయింట్ పోతే పోనీ, మరుసటి వారం అదే ఊరికి పెండ్లికి పోవాల్సింది మనమే కదా.