చూపు గుట్టు వెతికిన ఇబ్నుల్ హైసమ్

ధవళేశ్వరం దగ్గర గోదావరిని చూడని వారు మన జిల్లాలలో అరుదు. 1852లో అక్కడ ఆనకట్ట పూర్తయి డెల్టా పొలాలకు కాలువ నీరు అందింది. అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందే మరో మహానదిని అదుపు చేయాలని ఒక ముస్లిం విద్వాంసుడు తలపెట్టారు. ఆ పని ఆయన వల్ల కాలేదు. కానీ తర్వాత కన్ను ఎలా చూస్తుందన్న ప్రశ్నను పట్టుకుని లోకానికి కొత్త దారి చూపించారు. ఆయనే అబూ అలీ హసన్ ఇబ్నుల్ హైసమ్.

మన సభలలో ఆయన పేరు తరచు వినిపిస్తుంది. మేము కూడా ఒక జుమా బయాన్‌లో కెమెరా, కళ్లద్దాలు, టెలిస్కోపు అన్నీ ఆయన చలవేనని గట్టిగా చెప్పాం. నమాజు అయ్యాక పదో తరగతి చదివే ఒక అబ్బాయి దగ్గరకు వచ్చాడు. కంట్లో బొమ్మ ఎక్కడ పడుతుందని ఆయన చెప్పారు హజ్రత్ అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఆయనను పొగిడామే తప్ప ఆయన గురించి చదవలేదని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత చదివి తెలుసుకున్నది పాఠకుల ముందు ఉంచుతున్నాం.

ఇబ్నుల్ హైసమ్ సుమారు 965లో నేటి ఇరాక్‌లోని బస్రాలో జన్మించారు. గణితంలోనూ ఖగోళశాస్త్రంలోనూ పేరు తెచ్చుకున్నారు. నైలు నది ఒక ఏడు పొంగి, మరో ఏడు ఎండి ఈజిప్టు ప్రజలను బాధపెడుతోందనీ, దానిని అదుపు చేసే మార్గం తన దగ్గర ఉందనీ ఆయన అన్నట్లు ఫాతిమీ పాలకుడు అల్ హాకిమ్‌కు తెలిసింది. పాలకుడు ఆయనను కైరోకు పిలిపించి, మనుషులనిచ్చి ఎగువకు పంపాడు.

ప్రయాణం పొడుగునా ప్రాచీన ఈజిప్టువారి మహా కట్టడాలు కనిపించాయి. ఇంతటి నేర్పరులకు ఈ పని సాధ్యమై ఉంటే ఏనాడో చేసేవారు కదా అన్న ఆలోచన ఆయనకు కలిగింది. అస్వాన్ దగ్గర నది ఉన్న తీరు చూశాక తన అంచనా తప్పని తేలింది. తిరిగివచ్చి పాలకుని ఎదుట ఒప్పుకున్నారు. అయితే అల్ హాకిమ్ కోపం ఎప్పుడు ఎవరి మీద పడుతుందో ఎవరికీ తెలియదు. ప్రాణభయంతో ఆయన పిచ్చివానిలా నటించి, 1021లో పాలకుడు కన్నుమూసే వరకు నిర్బంధంలో గడిపారని అంటారు. మదరసాలో మాకు నేర్పిన మొదటి పాఠం ఏ కబురుకైనా సనద్ అడగమని. ఈ కథను వివరంగా చెప్పిన అల్ ఖిఫ్తీ 1248లో మరణించారు, అంటే రెండు శతాబ్దాల తర్వాతి వారు. కాబట్టి దీనిని ఆ మేరకే స్వీకరించాలి.

విడుదలయ్యాక ఆయన అల్ అజ్హర్ మసీదు దగ్గర నివసిస్తూ, గణిత గ్రంథాల ప్రతులు రాసి అమ్ముకుని బతికారని కూడా అల్ ఖిఫ్తీయే చెబుతారు. కైరోలో ఆయన రచించిన గొప్ప గ్రంథం కితాబుల్ మనాజిర్. అది ఏడు భాగాలు.

కంటి నిర్మాణం అప్పటికే కొంత తెలుసు. గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన సంగతులను తొమ్మిదో శతాబ్దంలో బగ్దాదులోని క్రైస్తవ వైద్యుడు హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ అరబీలోకి తెచ్చారు. కంటి ముందున్న పారదర్శకమైన పొరను కొమ్ముతో పోల్చి ఖర్నియా అన్నారు, అదే కార్నియా. కటకాన్ని మంచుగడ్డతో పోల్చి జలీదియా అన్నారు. వెనుకనున్న పొరను వలతో పోల్చి షబకియా అన్నారు, అదే రెటీనా. ఖర్నియా, షబకియా అన్న మాటలు నేటికీ ఉర్దూలో వాడుకలో ఉన్నాయి.

భాగాల పేర్లు తెలిసినా చూపు ఎలా కలుగుతుందో తేలలేదు. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని యూక్లిడ్, టాలెమీ వంటి మహామహులు చెప్పారు. ఇబ్నుల్ హైసమ్ పెద్దల పేరు చూసి తలవంచలేదు. ఎండ వైపు చూస్తే కన్ను ఎందుకు నొస్తుంది? ప్రకాశించే దానిని చూసి చీకట్లోకి వెళితే దాని ముద్ర కళ్లలో ఎందుకు నిలుస్తుంది? వెలుగే బయటి నుండి కంటిలోకి వచ్చి పనిచేస్తోందని ఆయన తేల్చారు.

మాటలతో సరిపెట్టక పరీక్షించారు. ఒక చిన్న రంధ్రానికి ఎదురుగా బయట కొన్ని దీపాలు పెట్టించి, చీకటి గదిలో గోడను గమనించారు. ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడ్డాయి. ఒక దీపాన్ని మూస్తే దాని మచ్చ ఒక్కటే మాయమైంది. కిరణాలు ఒకే రంధ్రంలో నుండి వెళ్లినా కలగాపులగం కాకుండా తిన్నగా సాగుతాయని దీనివల్ల రుజువైంది. ఉదయించే చందమామ పెద్దగా కనిపించడానికి మనసు వేసే దూరపు అంచనా ముఖ్య కారణమని కూడా వివరించారు. చూపులో కంటితోపాటు బుద్ధికీ పాలుంది.

ఇక ఆ అబ్బాయి ప్రశ్నకు వద్దాం. వెలుగును గ్రహించేది కటకమేనని ఇబ్నుల్ హైసమ్ తలచారు. అది పొరపాటు. బొమ్మ రెటీనా మీద, అదీ తలకిందులుగా పడుతుందని 1604లో జర్మనీ శాస్త్రవేత్త కెప్లర్ చూపించారు. దీనికి సాక్ష్యం నేడు మన ఇళ్లలోనే ఉంది. శుక్లం ఆపరేషన్‌లో నాన్నమ్మ కంటిలోని మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకం పెడతారు. మర్నాడు ఆమె మనవళ్ల ముఖాలు గుర్తుపడుతుంది. చూసేది కటకమే అయితే ఇది జరిగేదా? కటకం కిరణాలను కూర్చి ఇస్తుంది, వెలుగును గ్రహించేది రెటీనా, ఆ కబురును నరం మెదడుకు చేరుస్తుంది.

కళ్లద్దాలు ఆయన తర్వాత రెండు శతాబ్దాలకు పైగా గడిచాక వచ్చాయి. టెలిస్కోపు 1608లో వచ్చింది. అవి ఆయన చేసినవి కావు. అంతమాత్రాన ఆయన గొప్పతనం తరగదు. ఆయన గ్రంథం 1200 ప్రాంతంలో లాటిన్‌లోకి వెళ్లింది, 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది. కెప్లర్ దానిని చదివే ముందుకు నడిచారు.

ఇబ్నుల్ హైసమ్ సుమారు 1040లో కైరోలో మరణించారు. సత్యాన్ని వెతికేవాడు తాను చదివే పుస్తకాన్నే కాక తన ఆలోచనను కూడా శంకించాలని టాలెమీ మీద రాసిన గ్రంథంలో ఆయన బోధించారు. నైలు ఒడ్డున తన తప్పును తానే ఒప్పుకున్న మనిషి మాట అది. లేని ఘనతలు అంటగట్టి ఆయనను గౌరవించలేం. ఆ అబ్బాయిలా ప్రశ్న అడిగే పిల్లలను మన మదరసాలలో, బడులలో కసురుకోకుండా కూర్చోబెట్టి, తెలియనిది తెలియదని ఒప్పుకుని వారితో కలిసి వెతికితే అదే ఆయనకు గౌరవం. తర్వాతి జుమా నాడు మేము ఆ అబ్బాయిని పిలిచి అందరి ముందు జవాబు చెప్పాం, మా పొరపాటును కూడా చెప్పాం. కళ్లిచ్చిన అల్లాహ్ మనకు చూసి తెలుసుకునే బుద్ధిని కూడా ప్రసాదించుగాక, ఆమీన్.