తిరుమల నాయకుడు

మధుర మీనాక్షీ సుందరేశ్వరాలయం పాండ్యుల నాటి ప్రాచీన క్షేత్రం. తమిళదేశంలోని ఆ ఆలయ వైభవాన్ని ఇనుమడింపజేసినవారిలో అగ్రగణ్యుడు తిరుమల నాయకుడు. విజయనగర ప్రతినిధులుగా మధురలో పాలన ప్రారంభించిన తెలుగు నాయకరాజుల వంశంలో జన్మించిన ఈయన క్రీ.శ. 1623లో సింహాసనాన్ని అధిష్ఠించాడు. అనంతరం రాజధానిని తిరుచిరాపల్లి నుండి మధురకు మార్చాడు.

స్వామివారి వసంతోత్సవాల కోసం ఆలయానికి తూర్పున పుదుమండపాన్ని నిర్మింపజేశాడు. 124 శిలాస్తంభాలు గల ఆ మండపంలో నాయకరాజుల నిలువెత్తు విగ్రహాలు చేతులు జోడించి కనిపిస్తాయి. దేవుని సన్నిధిలో రాజు కూడా సేవకుడేనని ఆ శిల్పాలు చాటుతాయి.

పూర్వం మాసి నెలలో జరిగే మీనాక్షీ కల్యాణాన్ని చిత్తిరై నెలకు మార్చి, విష్ణుస్వరూపుడైన అళగర్ స్వామి ఉత్సవంతో జతపరచినవాడు ఈయనేనని ప్రసిద్ధి. తత్ఫలితంగా శైవులు, వైష్ణవులు ఒకే వేడుకలో పాలుపంచుకోగలిగారు.

తన నివాసం కోసం 1636లో గొప్ప మహలును కట్టించాడు. అయితే మనుమడు చొక్కనాథుడు రాజధానిని మరల తిరుచిరాపల్లికి తరలించి, ఆ భవనంలోని అనేక భాగాలను ఊడదీయించి తీసుకుపోయాడు. నేడు దానిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే మిగిలి ఉంది. అన్నిటికంటే ఉన్నతంగా నిలపాలని తలపెట్టిన రాయగోపురం రాతికట్టడపు అడుగుభాగంతోనే ఆగిపోయింది.

1659లో తిరుమల నాయకుడు మరణించాడు. తనకై కట్టుకొన్న మహలు శిథిలమైంది. ప్రజల కోసం కలిపిన ఉత్సవం మాత్రం నేటికీ ఏటేటా లక్షలాది జనులను వైగై నదీతీరానికి రప్పిస్తోంది. పాలకుని కీర్తికి ప్రజల హృదయమే చెదరని పునాది.