తొలి వేట తుపాకీ ఏది కొనాలి..? అమెరికాకు ఆ లెక్క నేర్పిన జర్నలిజం ప్రొఫెసర్ కథ ఇదీ!

నవంబర్ వచ్చిందంటే చాలు, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జింకల వేట సీజన్ జోరందుకుంటుంది. లైసెన్సు తీసుకోవాలి, ప్రభుత్వం చెప్పిన తేదీల్లోనే వెళ్లాలి, ఎన్ని కొట్టొచ్చో అన్నదానికీ లెక్క ఉంటుంది. మన దగ్గర ఇదంతా కుదరని పని. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని వేటాడితే కేసు, జైలు తప్పవు. అక్కడ మాత్రం వేట ఊరూరా ఉన్న అలవాటు. తండ్రి కొడుక్కి, తాత మనవరాలికి నేర్పుతారు.

అలా నేర్చుకుని తుపాకుల షాపు మెట్లెక్కే ప్రతి కొత్త వేటగాడికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. చేతిలో ఉన్న డబ్బుకు ఒక్క రైఫిలే వస్తుంది. అడవిలో, కొండల్లో, మైదానంలో అన్నిచోట్లా అదే పనికిరావాలి. మరి ఏది కొనాలి..? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం రాస్తూ జీవితంలో సగం గడిపేసిన మనిషి జాక్ ఓకానర్. వించెస్టర్ కంపెనీ తయారుచేసిన .270 అనే తూటాను అమెరికాలో ఇంటింటి పేరుగా మార్చింది ఆయన కలమే.

ఎడారిలో మొదలైంది..

ఓకానర్ 1902 జనవరి 22న అరిజోనాలో పుట్టారు. అప్పటికి అరిజోనా ఇంకా రాష్ట్రం కూడా కాదు, ఆ హోదా 1912లో వచ్చింది. చిన్నప్పుడే తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి దగ్గర, అమ్మమ్మ తాతయ్యల అండతో టెంపీ అనే ఊళ్లో పెరిగారు. ఇల్లు దాటితే ఎడారి, ఎడారి దాటితే కొండలు. పిల్లాడి కాలక్షేపం అక్కడే. కొన్నాళ్లు నేవీలో పనిచేశారు. ఆ తర్వాత డిగ్రీ, 1927లో మిస్సోరీ యూనివర్సిటీ నుంచి పీజీ. అదే ఏడాది ఎలినార్‌ను పెళ్లి చేసుకున్నారు. ఈ కథలో ఆమెకూ పెద్ద పాత్రే ఉంది, ఆ సంగతి ముందుంది.

టెక్సాస్‌లో, ఆ తర్వాత అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో పాఠాలు చెప్పారు. 1934లో టూసాన్‌లోని అరిజోనా యూనివర్సిటీలో చేరి అక్కడ జర్నలిజం బోధించారు. అవి ఆర్థిక మాంద్యం రోజులు. పంతులు జీతం, పెరుగుతున్న సంసారం.. నలుగురు పిల్లలు. జీతం చాలక పత్రికలకు రాయడం మొదలుపెట్టారు. నవలలు కూడా రాశారు. కానీ ఇల్లు గడిపింది మాత్రం వేట మీద రాసిన వ్యాసాలే. ఒకటికి రెండు తుపాకులు కొనుక్కునే స్థోమత లేని పాఠకుడి బాధ ఆయనకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదన్నమాట.

అసలు అక్కడ జింకను ఎందుకు వేటాడనిస్తారు అన్న అనుమానం మనకు వస్తుంది. దానికి సమాధానం కూడా ఓకానర్ ఇంటి పక్కనే దొరుకుతుంది. గ్రాండ్ కాన్యన్ ఉత్తరాన కైబాబ్ అనే పీఠభూమి ఉంది. 1906లో దాన్ని సంరక్షిత ప్రాంతం చేసి జింకల వేట ఆపేశారు, వాటిని తినే తోడేళ్లను, కొండ సింహాలను మట్టుబెట్టారు. జింకలు విపరీతంగా పెరిగాయి. 1920ల నడిమికొచ్చేసరికి తినడానికి ఆకు మిగల్లేదు. చలికాలంలో మందలు మందలుగా ఆకలితో చచ్చిపోయాయి. కారణాల మీద శాస్త్రవేత్తలు తర్వాత చాలా వాదించుకున్నారు గానీ, లెక్కకట్టి లైసెన్సులిచ్చే పద్ధతికి ఈ ఘటన పెద్ద ఉదాహరణగా మిగిలిపోయింది. 1937లో వచ్చిన కేంద్ర చట్టంతో తుపాకులు, తూటాల మీద పన్ను డబ్బు వన్యప్రాణుల సంరక్షణకు వెళ్లడం మొదలైంది. ఇప్పటికీ వెళ్తోంది.

.270 కథేంటి..?

ఇక అసలు విషయానికొద్దాం. ఆ కాలంలో సగటు అమెరికన్ వేటగాడి చేతిలో ఉండేది .30-30 తూటా పేలే లీవర్ రైఫిల్. 1894 మోడల్ వించెస్టర్ అంటే జింకల తుపాకీ అనే పేరు పడిపోయింది. తేలిక, చవక, గుబురు అడవిలో చటుక్కున ఎక్కుపెట్టొచ్చు. తూర్పు రాష్ట్రాల అడవుల్లో జింక కనిపించేదే యాభై, అరవై గజాల్లో కాబట్టి దానికి తిరుగులేదు. చిక్కల్లా దూరంతోనే. వంద గజాలకు గురి సరిచేసి పెట్టుకుంటే, రెండొందల గజాలకు వెళ్లేసరికి ఆ బుల్లెట్ దాదాపు ఎనిమిది అంగుళాలు కిందికి జారిపోతుంది. అరిజోనా కొండల్లో ఉండే కూజ్ జింకకు ఇది సరిపోదు. బాగా పెరిగిన మగ జింక కూడా నలభై, నలభై ఐదు కిలోలు మించదు. లోయకు అవతలి గట్టున, బండల రంగులో కలిసిపోయి నిలబడుతుంది. కనిపించేది క్షణం, దూరం ఎంతో తెలియదు.

1925లో వించెస్టర్ ఒక కొత్త తూటా తెచ్చింది. సైన్యం వాడుతున్న .30-06 తూటా గొట్టాన్నే తీసుకుని, మూతి సన్నం చేసి, చిన్న బుల్లెట్ బిగించారు. బరువు 130 గ్రెయిన్లు, అంటే ఎనిమిదిన్నర గ్రాముల లోపే. వేగం మాత్రం సెకనుకు 900 మీటర్లు దాటింది. అప్పుడే చదువు పూర్తవుతున్న ఓకానర్ ఆ ఏడాదే ఒకటి కొనేశారు. ఇక వదల్లేదు.

మొదట్లో దీనికి మంచి పేరేమీ రాలేదు. దగ్గర్నుంచి కొడితే మాంసం చిందరవందర అయిపోతోందని ఫిర్యాదులొచ్చాయి. దాంతో కంపెనీ బరువైన బుల్లెట్‌తో, వేగం తగ్గించి ఇంకో రకం తెచ్చింది. అది ఎవరూ కొనలేదు! ఫిర్యాదు చేసినవాళ్లు కూడా వేగంగా పోయేదే అడిగారు. మార్కెట్ తమాషా ఎప్పుడూ ఇంతే.

ఓకానర్ చూసింది వేరే లెక్క. వంద గజాల దగ్గర బుల్లెట్ మూడు అంగుళాలు పైకి తగిలేలా గురి సరిచేసుకోవాలి. అప్పుడు రెండొందల దగ్గర నాలుగు అంగుళాలు పైన ఉంటుంది, 275 గజాల దగ్గర గురిపెట్టిన చోటే పడుతుంది, మూడొందల దగ్గర కొద్దిగా కిందికి దిగుతుంది. జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది, పది అంగుళాల వెడల్పు ఉంటుంది. అంటే మూడొందల గజాల దాకా దూరం అంచనా వేయక్కర్లేదు, పైకి కిందికి సర్దుకోనక్కర్లేదు. ఛాతీ మధ్యకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడమే. లేజర్‌తో దూరం కొలిచే పరికరాలు లేని రోజుల్లో కొత్తవాడికి ఇంతకంటే పెద్ద సాయం ఏముంటుంది చెప్పండి.

భుజానికి తగిలే తన్ను

ఇక్కడే ఆయనకు, ఇదాహోకు చెందిన మరో పేరున్న రచయిత ఎల్మర్ కీత్‌కు చెడింది. పెద్ద గొట్టం, బరువైన బుల్లెట్ ఉంటేనే జంతువు పడుతుందని కీత్ వాదన. ఎక్కడ తగిలిందన్నదే ముఖ్యం, ఎంత పెద్దది తగిలిందన్నది కాదు.. ఇది ఓకానర్ మాట సారాంశం. ఇద్దరి అభిమానులూ పత్రికల్లో దశాబ్దాల పాటు కొట్టుకున్నారు. మన దగ్గర హీరోల ఫ్యాన్స్ గొడవలు గుర్తొస్తాయి.

నిజానికి ఈ గొడవలో తొలి రైఫిల్ కొనేవాడికి పనికొచ్చే పాయింట్ ఒకటుంది. తుపాకీ ఎంత శక్తిమంతమైతే అంత గట్టిగా వెనక్కి తన్నుతుంది. నాలుగు రౌండ్లు కాల్చేసరికి కొత్తవాడి భుజం వాచిపోతుంది. ఐదోసారి ట్రిగ్గర్ మీద వేలు పెట్టగానే తెలియకుండానే కళ్లు మూసుకుంటాడు, ఒళ్లు బిగుసుకుంటుంది, గొట్టం పక్కకు పోతుంది. ఈ ఉలికిపాటు ఒకసారి అలవాటైతే వదిలించుకోవడం చాలా కష్టం. తర్వాత జరిగేదేంటి..? గుండెకు తగలాల్సింది పొట్టకో, కాలికో తగులుతుంది. ఆ జింక వెంటనే చావదు. గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఎక్కడో పొదల్లో నరకం అనుభవిస్తుంది. వేటను సమర్థించేవాళ్లయినా, అసలే వద్దనేవాళ్లయినా ఒప్పుకునే విషయం ఇది. అందుకే మోజుపడి పెద్ద తుపాకీ కొనొద్దని ఓకానర్ ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు.

దీనికి ఆయన ఇంట్లోనే సాక్ష్యం ఉంది. ఎలినార్ సన్నటి మనిషి. ఆమె ఎంచుకున్నది 7x57 మౌజర్. 1890ల నాటి పాత తూటా, తన్ను చాలా తక్కువ. దాంతోనే ఆమె అమెరికాలో, ఆఫ్రికాలో లెక్కలేనన్ని జంతువుల్ని కొట్టారు. తక్కువ గుళ్లతో పని ముగించడంలో ఆమెకు భర్తతో సమానంగా పేరుండేది. పెద్ద పెద్ద మాగ్నమ్ రైఫిళ్లు భుజాన వేసుకు తిరిగే మగాళ్ల ముందు ఇదేమీ చిన్న విషయం కాదు. భార్యను చూసే భర్తకు ఈ సంగతి మరింత గట్టిగా బోధపడిందని అనుకోవడంలో తప్పులేదు.

సరే, తూటా ఒక్కటే సరిపోదు కదా. రైఫిల్ ఎలా ఉండాలి అన్నదీ ఆయన వివరంగా చెప్పారు. బోల్ట్ యాక్షన్ అయితే గట్టిది, నమ్మకమైంది. స్కోప్‌తో కలిపి మూడున్నర కిలోలకు అటూ ఇటూగా ఉంటే రోజంతా కొండలెక్కినా భుజం లాగేయదు. మరీ తేలికైతే తన్ను పెరుగుతుంది, గురి నిలవదు. స్కోప్ నాలుగు రెట్లు పెద్దగా చూపిస్తే చాలు. అంతకంటే ఎక్కువైతే చిన్న వణుకు కూడా పెద్దగా కనిపిస్తుంది, దగ్గర్లో లేచిన జింక అద్దంలో దొరకనే దొరకదు. భుజానికి ఆనించే కర్ర భాగం మనిషి కొలతకు సరిపోవాలి. ఈ చివరి మాటను చాలామంది పట్టించుకోరు. చేతులు పొట్టిగా ఉన్నవాళ్లకు, పిల్లలకు పొడవాటి కర్ర ఇస్తే ఎంత మంచి తుపాకైనా వృథానే. ఆయన సొంత రైఫిళ్లలో బాగా పేరొచ్చినది మోడల్ 70 వించెస్టర్. స్పోకేన్ నగరంలో ఉండే ఆల్ బీసెన్ అనే పనివాడు దానికి వాల్‌నట్ కర్ర చెక్కి ఇచ్చాడు. నంబర్ 2 అంటే ఆయన అభిమానులకు ఇప్పటికీ తెలుసు.

పత్రికే జీవితం

1941లో ఔట్‌డోర్ లైఫ్ పత్రికలో తుపాకుల విభాగం చేతికొచ్చింది. నాలుగేళ్లకు యూనివర్సిటీ ఉద్యోగం వదిలేశారు. 1948లో కుటుంబంతో ఇదాహోలోని లూయిస్టన్‌కు మారారు. 1972లో రిటైరయ్యే దాకా నెలనెలా రాశారు. 31 ఏళ్లు! పుస్తకాలూ చాలానే వచ్చాయి, 1949లో ది రైఫిల్ బుక్, 1970లో ది హంటింగ్ రైఫిల్ వాటిలో ముఖ్యమైనవి. ఉత్తర అమెరికాలోని నాలుగు రకాల అడవి గొర్రెల్నీ వేటాడిన తొలితరం వాళ్లలో ఆయనొకరు. ఆఫ్రికా, ఇరాన్ తిరిగారు. 1955లో పులి వేట కోసం ఇండియాకూ వచ్చారు. అప్పట్లో మన దగ్గర అది నేరం కాదు మరి. ఇప్పుడు చదివితే ఆ భాగం మింగుడుపడదు.

మనిషి మాత్రం కాస్త ముక్కుసూటి. మాట కటువు. తెలివితక్కువ ప్రశ్నలు వేసిన పాఠకుల్ని వదిలేవారు కాదు. ఒక్క తూటా మీద అంత ప్రేమ అవసరమా అనిపించే సందర్భాలూ ఆయన రాతల్లో ఉన్నాయి. అయితే మూర్ఖంగా పట్టుబట్టలేదు. జింకలు, గొర్రెలతో పాటు పెద్ద ఎలుగుబంట్లకూ ఒకే రైఫిల్ కావాలంటే, బరువైన బుల్లెట్లు వాడుకునే వీలున్న .30-06 మెరుగని ఆయనే ఒప్పుకున్నారు. అడవి గుబురుగా ఉన్నచోట పాత .30-30 చాలు. 1955లో .243 అనే ఇంకా మెత్తటి తూటా వచ్చాక పిల్లలకు, భుజం నొప్పికి భయపడేవాళ్లకు మరో దారి దొరికింది. కొనాల్సింది ఏదైనా, సీజన్‌కు ముందు కూర్చుని, నిలబడి, మోకాలి మీద ఉండి కాల్చి కాల్చి అలవాటు చేసుకోవాలి. షాపులో డబ్బంతా తుపాకీకే పెట్టేసి తూటాలకు మిగుల్చుకోనివాడి తుపాకీ గోడకు అలంకారమే.

1978 జనవరి 20న, హవాయి నుంచి ఓడలో తిరిగొస్తుండగా గుండెపోటుతో ఓకానర్ కన్నుమూశారు. ఇంకో రెండు రోజులుంటే 76 నిండేవి. లూయిస్టన్ దగ్గర హెల్స్ గేట్ స్టేట్ పార్కులో 2006లో ఆయన పేరిట ఒక కేంద్రం తెరిచారు. వేటలో తెచ్చిన జంతువుల తలలు, ఆయనకు సంబంధించిన వస్తువులు అక్కడే ఉన్నాయి. ఆయన ప్రచారం చేసిన .270 తూటాకు 2025తో వందేళ్లు నిండాయి. ఇప్పటికీ అమెరికాలో చిన్న ఊళ్ల షాపుల్లోనూ ఆ డబ్బా దొరుకుతుంది.