గ్రంథాన్వేషి మాక్సిమస్ ప్లానూడిస్

విజయవాడనుండి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల మీదుగా బందరు పోవు బాటకు దక్షిణమున ఘంటసాల యను గ్రామము కలదు. క్రీ. శ. 150 ప్రాంతమున ఈజిప్టు దేశమునందలి అలెగ్జాండ్రియా నగరవాసి టాలెమీ తన భూగోళ గ్రంథమున మన సీమను మైసోలియా యనియు, ఇచ్చట కడలిని కలియు నదిని మైసోలస్ అనియు పేర్కొని, ఆ సీమలో కంటకొస్సిల యను రేవుపట్టణము కలదని వ్రాసెను. మైసోలస్ కృష్ణానదియే యనియు, కంటకొస్సిల మన ఘంటసాలయే యనియు పెక్కుమంది పండితుల అభిప్రాయము. నాగార్జునకొండలో లభించిన ఇక్ష్వాకుల కాలపు ప్రాకృత శాసనమొకటి కంటకసేలలోని మహాచైత్యమును పేర్కొనుట దీనికి బలమిచ్చుచున్నది. ఘంటసాలలోనే దొరికిన శాసనమొకదానియందు మహానావికుడొకడు కనబడుచున్నాడు.

అయితే టాలెమీ గ్రంథము మనదాక ఎట్లు వచ్చినది? ఆయన స్వహస్తముతో వ్రాసిన ప్రతి లేదు. అటుపిమ్మట వేయి సంవత్సరములలో వ్రాయబడిన సంపూర్ణమైన ప్రతియు నేడొక్కటియు దక్కలేదు. అరబ్బు పండితులు దానిని తమ భాషలో వినియోగించుకొనిరి గాని, గ్రీకు మూలము మాత్రము చదువువారు లేక మూలబడెను. నేడు లభించు గ్రీకు ప్రతులలో అతి ప్రాచీనములైనవి 13వ శతాబ్ది తుదినాటివి. ఆ కాలమున దానిని వెదకి వెలికిదెచ్చిన మహనీయుడు మాక్సిమస్ ప్లానూడిస్. ఆయన చరిత్ర గ్రంథాలయాభిమానులెల్లరు తెలిసికొనదగినది.

ప్లానూడిస్ క్రీ. శ. 1255 ప్రాంతమున చిన్న ఆసియాలోని నికొమీడియా పట్టణమున జన్మించెను. అది నేటి తుర్కీ దేశమునందలి ఇజ్మిత్. ఆయన తొలి పేరు మాన్యుయేల్. ఆ సీమ తూర్పు రోమక సామ్రాజ్యములోనిది. చరిత్రకారులు దానిని బైజాంటియ సామ్రాజ్యమందురు. పేరునకు రోమకమే యైనను దాని భాష గ్రీకు. రాజధాని కాన్‌స్టాంటినోపిల్, అనగా నేటి ఇస్తాంబూల్. ప్రాచీన గ్రీకు కావ్యములు, శాస్త్రములు, చరిత్రలు ఆ నగరమున శతాబ్దముల తరబడి ప్రతులు వ్రాయబడుచు నిలిచియుండెను. 1204వ సంవత్సరమున పడమటి దేశములనుండి వచ్చిన క్రూసేడు సైనికులు నగరమును కొల్లగొట్టిరి. అగ్నిప్రమాదములలో, దోపిడిలో నశించిన గ్రంథములు అసంఖ్యాకములు. 57 సంవత్సరములు పరుల పాలనలో నుండి, 1261లో నగరము తిరిగి గ్రీకు చక్రవర్తి వశమయ్యెను. నాటికి ప్లానూడిస్ బాలుడు. మిగిలినదానినైన కాపాడుకొనవలెనను తపన ఆ తరమువారికి పుట్టుకతో వచ్చిన ఆస్తి.

యౌవనమున ఆయన రాజభవనమున లేఖకోద్యోగము చేసెను. ఉద్యోగమునందే నిలిచియున్నచో పెద్ద పదవులు లభించియుండెడివేమో. కాని 1283 ప్రాంతమున సన్న్యసించి, మాక్సిమస్ అను పేరు ధరించి, మఠమున జేరెను. అది లోకమును విడిచిపోవుట కాదు. వ్యాకరణము, అలంకారము, గణితము నేర్వగోరి ధనికుల బిడ్డలును సామాన్యులును ఆయన చెంత చేరిరి. ప్రసిద్ధ వ్యాకరణకర్త మాన్యుయేల్ మోస్కోపౌలస్ ఆయన శిష్యుడే.

ఆ దినములలో ఒక గ్రంథమును సంపాదించుట నేటివలె సులభము కాదు. అచ్చుయంత్రము లేదు. ముందు గ్రంథమున్న చోటు వెదకవలెను. యజమానిని వేడి అరువు తేవలెను. తోలుపత్రములు సమకూర్చుకొని అక్షరమక్షరము వ్రాసికొనవలెను. ప్లానూడిస్ తోలుపత్రములకై దూరదేశమందలి మిత్రునికి లేఖలు వ్రాసెను. ప్లూటార్కు రచించిన నీతివ్యాసములు చెల్లాచెదరై యుండగా, వానిని వెదకి ఒక్కచోట చేర్చి, శిష్యులచే ప్రతులు వ్రాయించెను. బీజగణితమునకు ఆద్యుడనదగిన డయోఫాంటస్ గ్రంథమునకు వ్యాఖ్య రచించెను. ఆ గ్రంథపు ప్రతి నొకదానిని ఒక మంత్రివర్యునికి తిరిగి పంపునప్పుడు, శిథిలమైన దాని నంతయు బాగుచేయించి మరియు పంపెను. గ్రంథాలయ చందాదారులు మననము చేసికొనదగిన విషయమిది.

ఆయన చిరకాలముగా వెదకుచుండిన టాలెమీ భూగోళము 1295లో దొరకెను. ఆ సంతోషము పట్టజాలక ఆయన పద్యములు చెప్పెను. కాని దొరకిన ప్రతిలో పటములు లేవు. ప్లానూడిస్ నిరాశ చెందలేదు. టాలెమీ సుమారు 8,000 స్థలములకు అక్షాంశ రేఖాంశములను అంకెలలో ఇచ్చియుండెను. పటము పోయినను అంకెలున్నచో పటమును మరల గీయవచ్చును. ఆ అంకెల నాధారము చేసికొని పటములను మరల సిద్ధపరచిరి. అట్లు మైసోలస్ నది ముఖద్వారమును, కంటకొస్సిల రేవును మరల పటము నెక్కెను. ఆ పేర్లను వ్రాసిన చేతులు మన తీరమును చూచినవి కావు.

మన దేశముతో ఆయనకు మరియొక సంబంధము కలదు. గ్రీకులు అంకెలకు బదులు తమ అక్షరములనే వాడెడివారు. ఆ పద్ధతిలో పెద్ద లెక్కలు కష్టసాధ్యములు. హిందూదేశమున పుట్టి, పారసీకుల, అరబ్బుల మూలమున పడమటికి పోయిన తొమ్మిది అంకెలను, సున్నను వివరించుచు, ప్లానూడిస్ హిందువుల గణన పద్ధతిపై ఒక గ్రంథము రచించెను. కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము, వర్గమూలము అందు బోధింపబడినవి. గ్రంథనామముననే హిందువులకు ఆ కీర్తిని సమర్పించెను. సున్నకు ఆయన వాడిన జిఫ్రా యను మాట అరబ్బీ సిఫ్ర్ నుండి వచ్చినది. అది మన శూన్య శబ్దమునకు అనువాదము.

మన కృష్ణా మండలమువారే యైన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు జనుల నోళ్లలోను, పాత వ్రాతప్రతులలోను చెదరియున్న చాటుపద్యములను ఏర్చి కూర్చి చాటుపద్యమణిమంజరిగా వెలువరించిరి. గ్రీకు భాషలో అట్టి పని ప్లానూడిస్ చేసెను. 2,400కు పైబడిన చిన్న పద్యములను 1300 ప్రాంతమున స్వహస్తముతో సంపుటీకరించెను. అశ్లీలమని తోచిన పద్యములను విడుచుట, కొన్నిటిని మార్చుట ఆయన చేసిన పనియే. ఇందుకు తప్పుపట్టిన పండితులును కలరు. అయినను 17వ శతాబ్దిలో మరియొక ప్రాచీన సంపుటము బయటపడువరకు యూరపు ఆ పద్యములను ఎరిగినది ప్రధానముగా ఆయన మూలముననే.

నగరమును దోచినవారి మతభాష లాటిన్. కనుక గ్రీకులలో పెక్కురకు ఆ భాషపై ఏవగింపు. ప్లానూడిస్ మాత్రము దానిని శ్రద్ధతో నేర్చి, ఆగస్టీను, బొయీథియసుల గ్రంథములను, ఓవిడ్ కావ్యములను గ్రీకులోనికి తెచ్చెను. పరాయివానిపై కోపముతో వాని పుస్తకమును మూసివేయరాదని చేతలతో చూపెను. ఆ భాషాజ్ఞానమే ఆయనను చిక్కులలోకి లాగెను. 1296లో కాన్‌స్టాంటినోపిల్‌లో వెనిసు వర్తకులు హతులు కాగా, చక్రవర్తి ఆండ్రోనికస్ ఆయనను వెనిసుకు రాయబారిగా పంపెను. ఆ రాయబారము ఫలింపలేదు. కష్టములు పడి తిరిగివచ్చి, మరల పుస్తకముల చెంత కూర్చుండెను. 1305 ప్రాంతమున, సుమారు 50 సంవత్సరముల ప్రాయమున పరమపదించెను.

1453లో కాన్‌స్టాంటినోపిల్ తురుష్కుల వశమయ్యెను. కాని ప్లానూడిస్ కాపాడిన గ్రంథములు అప్పటికే దేశాంతరములకు చేరుచుండెను. టాలెమీ భూగోళము ఇటలీ చేరి, 15వ శతాబ్ది ఆరంభమున లాటిన్‌లోనికి అనువదింపబడి, 1477లో బొలోనా నగరమున పటములతో అచ్చయ్యెను. ఆయన స్వహస్తముతో వ్రాసిన పద్యసంపుటము గ్రీకు పండితుడైన బెస్సారియన్ చేతికి వచ్చెను. బెస్సారియన్ 1468లో తన గ్రంథరాశినంతయు, చదువగోరువారికి ఉపయోగపడునట్లు వెనిసు నగరమునకు దానమిచ్చెను. ఆ సంపుటము నేటికిని అచ్చటి గ్రంథాలయమున భద్రముగా నున్నది.

చక్రవర్తుల కోటలు కూలినవి, రాయబారములు మరుగుపడినవి. ఒక సన్న్యాసి అరువు తెచ్చి, బాగుచేసి, ప్రతి వ్రాసి, పదిమందికి అందించిన పుస్తకములు నిలిచినవి. వానిలో మన నది పేరు, మన రేవు పేరు నిలిచినవి. మన బీరువాలలోని ఏ పుస్తకము ఏ కాలమున, ఏ దేశమువానికి అక్కరకు వచ్చునో నేడు చెప్పజాలము. కావున తీసికొనిన పుస్తకమును గడువులో తిరిగి యిచ్చుట, చినిగినదానిని అతికించుట, ఇంట అటుకమీద పడియున్న తాళపత్రమును గ్రంథాలయమునకు చేర్చుట చిన్న పనులు కావు. రజతోత్సవవేళ ప్లానూడిస్‌ను స్మరించుటకు ఇంతకంటె తగిన మార్గము లేదు.