రూపాబాయి ఫర్దూంజీ: హైదరాబాద్ మెడికల్ స్కూలులో సీటు తీసుకున్న తొలి ఐదుగురు అమ్మాయిల్లో ఒకరు

నీట్ ర్యాంకులు వచ్చాయంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో చాలా ఇళ్లల్లో ఒకటే చర్చ. సీటు ఎక్కడ వస్తుంది, ఫీజు ఎంత, అమ్మాయిని అంత దూరం పంపాలా వద్దా? 2019లో సూర్యాపేటలో, నల్లగొండలో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాక దూరం బాధ కొంత తగ్గింది. కానీ ఆడపిల్లను డాక్టరు చదువుకు పంపాలా అనే ప్రశ్న మాత్రం కొత్తది కాదు. నిజాం రాజ్యంలో ఈ ప్రశ్న 1885లోనే వచ్చింది. ఆ ఏడాది ఐదుగురు అమ్మాయిలు హైదరాబాద్ మెడికల్ స్కూలులో చేరారు. వాళ్లలో ఒకరు పార్సీ కుటుంబానికి చెందిన రూపాబాయి ఫర్దూంజీ.

ఆ స్కూలు 1846లో నాలుగో నిజాం నాసిరుద్దౌలా హయాంలో మొదలైంది. అప్పట్లో పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. చదువు పూర్తిచేసిన వాళ్లకు హకీం పట్టా ఇచ్చేవారు. ఇదే స్కూలు తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయ్యింది. దాదాపు నలభై ఏళ్లు అక్కడ మగపిల్లలే చదివారు. ఆ తర్వాత బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చిన ఎడ్వర్డ్ లారీ స్కూలు బాధ్యత తీసుకున్నారు. ఆయన కాలంలో బోధన ఇంగ్లీషులోకి మారింది, అమ్మాయిలకు కూడా తలుపులు తెరిచారు.

ఆ రోజుల్లో ఇది ఎంత పెద్ద అడుగో అర్థం కావాలంటే మిగతా చోట్ల పరిస్థితి చూడాలి. మద్రాసు మెడికల్ కాలేజీ 1875లోనే నలుగురు మహిళలను చేర్చుకుంది. కానీ లారీ చదువుకున్న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో యూనివర్సిటీలో కథ వేరు. 1869లో ఏడుగురు మహిళలు అక్కడ మెడిసిన్‌లో చేరితే, 1870లో పరీక్ష రాయడానికి వెళ్తున్న వాళ్లను అల్లరి మూక అడ్డుకుంది. చివరకు వాళ్లకు డిగ్రీ ఇవ్వలేదు. ఆ యూనివర్సిటీ మహిళలకు మెడికల్ డిగ్రీ ఇవ్వడం 1894లో గానీ మొదలుపెట్టలేదు. అంటే రూపాబాయి హైదరాబాద్‌లో చేరే నాటికి, ఆమె గురువు చదివిన చోట ఆడవాళ్లకు పట్టా దొరకదు.

ఇక్కడ అవసరం కూడా గట్టిదే. పరదా పాటించే ఇళ్లల్లో ఆడవాళ్లకు జబ్బు చేస్తే మగ డాక్టరు ముందుకు రావడానికి చాలామంది ఒప్పుకునేవారు కాదు. కాన్పు కష్టమైనా, గడ్డ కోయాల్సి వచ్చినా నొప్పి భరిస్తూ ఇంట్లోనే ఉండిపోయేవారు. లేడీ డాక్టరు ఉంటే తప్ప ఆ ఇళ్లకు వైద్యం చేరదు. ఒక ఇంటి అమ్మాయి చదువు ఎన్నో ఇళ్ల ఆడవాళ్ల ప్రాణానికి సంబంధించిన సంగతి.

రూపాబాయి 1889లో చదువు పూర్తిచేసి హకీం పట్టా అందుకున్నారు. ఆ సమయంలో హైదరాబాద్ పేరు ప్రపంచ వైద్య పత్రికల్లో మారుమోగుతోంది. ఆపరేషన్ కోసం క్లోరోఫాం పీల్చిన రోగుల్లో కొందరు హఠాత్తుగా చనిపోయేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా అని డాక్టర్లు రెండు వర్గాలుగా చీలిపోయారు. దీన్ని తేల్చడానికి 1888లో, మళ్లీ 1889లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఖర్చు పెట్టింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సర్కారు. రెండో కమిషన్ కోసం లండన్ పత్రిక లాన్సెట్ తరఫున డాక్టర్ లాడర్ బ్రంటన్ ఇక్కడికి వచ్చారు.

కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని కమిషన్ తేల్చింది. క్లోరోఫాం నేరుగా గుండెను కూడా ఆపగలదని 1911లో లండన్‌లో లెవీ చేసిన ప్రయోగాలతో తెలిసింది. కాబట్టి లారీ చెప్పిందంతా నిజం కాలేదు. అయినా మత్తు ఇచ్చే మనిషి రోగి శ్వాస మీది నుంచి చూపు తిప్పకూడదన్న పాఠం నిలబడింది. రూపాబాయి ఈ పని నేర్చుకున్నది ఆ వాతావరణంలోనే.

ఆపరేషన్‌లో కత్తి పట్టిన సర్జన్ పేరు అందరికీ తెలుస్తుంది. మత్తు ఇచ్చిన వాళ్ల పేరు ఎవరికీ గుర్తుండదు. కానీ మందు కాస్త ఎక్కువైతే ప్రాణం పోతుంది, తక్కువైతే రోగి మధ్యలో మేలుకుంటాడు. అంత బాధ్యత ఉన్న పనిని రూపాబాయి 1889 నుంచి 1917 వరకు చేశారు. ఇప్పుడు సుల్తాన్ బజార్ ఆసుపత్రిగా మనకు తెలిసిన రెసిడెన్సీ దవాఖానాలో, అఫ్జల్‌గంజ్ దవాఖానాలో, విక్టోరియా జనానా ఆసుపత్రిలో ఆమె మత్తు డాక్టరుగా సేవ చేశారు. ప్రపంచంలో ఈ పనిని వృత్తిగా చేసుకున్న మొదటి మహిళ ఆమేనని వైద్య చరిత్ర రాసిన వాళ్లు చెబుతారు.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. నది ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ దవాఖానా కూడా దెబ్బతిన్నది. ఆ మరుసటి ఏడాది, 1909లో, రూపాబాయి పైచదువుకు బయల్దేరారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. డాక్టర్లకు మత్తు వైద్యంలో ప్రత్యేక కోర్సు అప్పట్లో లేదు. అందుకని మత్తు మందుల గుణం, వాయువుల తీరు తెలియడానికి పనికొచ్చే ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎంచుకున్నారు. ఆమె వెళ్లింది ఒకప్పుడు ఆడవాళ్లకు డిగ్రీ ఇవ్వని ఎడిన్‌బరోకే. తిరిగి వచ్చి మళ్లీ హైదరాబాద్‌లోనే పనిచేశారు. చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంట్‌గా ఉండి 1920లో రిటైర్ అయ్యారు.

ఇవాళ నీట్ రాసిన అమ్మాయి కౌన్సెలింగ్‌కు కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవాలి. స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం పత్రాలు ముందే సిద్ధం చేసుకోవాలి. బీసీ-ఈ కింద వచ్చే వాళ్లు ఆ సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసుకు చివరి రోజు దాకా ఆగకుండా వెళ్లాలి. ఈ పనులన్నీ చేసేటప్పుడు ఇంటి పెద్దలకు ఒక్క సంగతి గుర్తుంటే చాలు. 1885లో ఆ ఐదు ఇళ్ల వాళ్లు వద్దు అనుకుని ఉంటే, ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు ఆపరేషన్ బల్ల మీద పడుకున్న ఎందరో ఆడవాళ్ల పక్కన, వాళ్ల ఊపిరిని గమనిస్తూ మరో ఆడమనిషి నిలబడి ఉండేది కాదు.