వికారుల్ ఉమ్రా

నవాబ్ సర్ వికారుల్ ఉమ్రా (ఆగష్టు 13, 1856 - ఫిబ్రవరి 15, 1902) హైదరాబాదు రాజ్యానికి చెందిన పాయగా ప్రభువు, ఆ రాజ్య ప్రధానమంత్రి, ఫలక్‌నుమా ప్యాలెస్ నిర్మాత. ఇతని అసలు పేరు మహమ్మద్ ఫజలుద్దీన్ ఖాన్. ఇక్బాలుద్దౌలా, వికారుల్ ఉమ్రా అనేవి బిరుదులు. తెలంగాణలోని వికారాబాదు పట్టణానికి ఇతని పేరు మీదుగానే ఆ పేరు వచ్చింది. భూముల ఆదాయంపై ఆధారపడిన పెద్ద సంస్థానానికి అధిపతి అయి ఉండి, రాబడి లేని ఒకే ఒక కట్టడంపై శక్తికి మించి ఖర్చు చేసి దానిని పోగొట్టుకున్న వ్యక్తిగా కూడా ఇతను హైదరాబాదు చరిత్రలో నిలిచిపోయాడు. ఇదే కాలంలో హైదరాబాదులో పనిచేసిన వికారుల్ ముల్క్ వేరొక వ్యక్తి.

కుటుంబ నేపథ్యం

పాయగా వంశీకులు హైదరాబాదు రాజ్యంలో నిజాం కుటుంబం తరువాత అత్యున్నత స్థానం కలిగినవారు. రెండవ నిజాం కాలంలో అబుల్ ఫతే ఖాన్ తేగ్‌జంగ్ షంసుల్ ఉమ్రా బిరుదు పొంది ఈ వంశ ప్రాభవానికి పునాది వేశాడు. నిజాం సొంత సైన్యాన్ని పోషించడానికి వీరికి ఇచ్చిన భూములనే పాయగా భూములు అంటారు. నిజాం కుటుంబంతో వివాహ సంబంధాలు కలుపుకొనే గౌరవం కూడా వీరికి దక్కింది.

వికారుల్ ఉమ్రా తండ్రి రషీదుద్దీన్ ఖాన్. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ మైనరుగా ఉన్నప్పుడు ఇతను మొదటి సాలార్‌జంగ్‌తో కలిసి రాజప్రతినిధిగా పనిచేశాడు. 1881లో రషీదుద్దీన్ ఖాన్ మరణించిన తరువాత పాయగా ఆస్తి మూడు శాఖల మధ్య విభజింపబడింది. ఆ శాఖలకు వికారుల్ ఉమ్రా, ఇతని అన్న ఖుర్షీద్ జా, దాయాది అస్మాన్ జా అధిపతులయ్యారు. వికారుల్ ఉమ్రా భార్య జహందారున్నిసా బేగం అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా కుమార్తె. ఆ విధంగా ఇతను ఆరవ నిజాముకు బావ.

పాయగా ఆదాయం - వికారాబాదు

పాయగా ప్రభువుల సంపదకు మూలం భూమిశిస్తు. వానలు కురిసి పంటలు పండితే శిస్తు వస్తుంది, కరువు వస్తే తగ్గుతుంది. జాగీరును సొంత పట్టా భూమి వలె అమ్ముకొనే వీలు లేదు. దానిపై వచ్చే ఆదాయాన్ని అనుభవించే హక్కు మాత్రమే జాగీరుదారుకు ఉంటుంది. కాబట్టి ఒకేసారి పెద్ద మొత్తం కావలసి వస్తే రాబోయే సంవత్సరాల శిస్తును చూపి అప్పు తేవడమే మార్గం.

వికారుల్ ఉమ్రా పాయగాలో హైదరాబాదుకు పడమరన ఉన్న వికారాబాదు ముఖ్యమైనది. 1874లో ప్రారంభమైన వాడి - సికింద్రాబాదు రైలుమార్గం తాండూరు, వికారాబాదుల మీదుగా వేయబడింది. బొంబాయి - మద్రాసు ప్రధాన మార్గంతో హైదరాబాదును కలిపిన ఈ దారి వలన ఆ ప్రాంతపు పంటలకు, రాతికి దూరపు మార్కెట్లు అందుబాటులోకి వచ్చాయి. తాండూరు నాపరాతి బండలు ఇళ్ళ గచ్చులకు ప్రసిద్ధి పొందాయి. తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఫలక్‌నుమా నిర్మాణం

మహబూబ్ అలీ ఖాన్ పూర్తి అధికారాలు చేపట్టిన మరుసటి నెలలో, 1884 మార్చి 3న, వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమా ప్యాలెస్‌కు శంకుస్థాపన చేశాడు. చార్మినారుకు దక్షిణంగా సుమారు 5 కిలోమీటర్ల దూరంలోని ఒక కొండపై ఈ కట్టడం ఉంది. పేరుకు ఆకాశాన్ని పోలినది అని అర్థం. విలియం వార్డ్ మారెట్ అనే ఆంగ్లేయుడు దీనికి రూపకల్పన చేశాడు. పనులు పూర్తి కావడానికి సుమారు 9 సంవత్సరాలు పట్టింది.

ఇటలీ నుండి పాలరాతిని, ఐరోపా నుండి దీపాల గుత్తులను, గృహోపకరణాలను తెప్పించారు. భోజనశాలలో 101 మంది ఒకేసారి కూర్చొనగల బల్ల ఉంది. నిర్మాణానికి సుమారు 40 లక్షల రూపాయలు ఖర్చయినట్లు చెబుతారు.

ఆ కాలంలో హైదరాబాదు ప్రభువులు భవనాల నిర్మాణంలో ఒకరితో ఒకరు పోటీ పడేవారు. అస్మాన్ జా కూడా బషీర్‌బాగ్, అస్మాన్‌గఢ్ భవనాలను కట్టించాడు. కొత్త భవనం ప్రభువు హోదాను పెంచేది కాని ఆదాయాన్ని పెంచేది కాదు. పైగా దాని నిర్వహణకు ఏటా ఖర్చు తప్పదు. ఫలక్‌నుమా విషయంలో ఈ భారం మరీ ఎక్కువై, వికారుల్ ఉమ్రా అప్పులలో కూరుకుపోయాడు.

నిజాముకు అప్పగింత

వికారుల్ ఉమ్రా ఈ ప్యాలెస్‌లో కొద్ది సంవత్సరాలు మాత్రమే నివసించాడు. 1897 ప్రాంతంలో ఇది మహబూబ్ అలీ ఖాన్ ఆధీనంలోకి వెళ్ళింది. ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం భార్య సలహాపై వికారుల్ ఉమ్రా నిజామును అతిథిగా ఆహ్వానించాడు. నిజాము అక్కడి నుండి కదలకపోవడంతో ప్యాలెస్‌ను ఆయనకే కానుకగా సమర్పించాడు. నిజాము అందుకు ప్రతిగా కొంత సొమ్ము చెల్లించాడు. జాగీరును అమ్మే వీలు లేని ప్రభువుకు, అంత ఖరీదైన భవనాన్ని కొనగల వ్యక్తి రాజ్యంలో నిజాము తప్ప మరొకరు లేని పరిస్థితిలో, అప్పుల నుండి గౌరవంగా బయటపడేందుకు ఇదే మార్గమైంది.

ప్రధానమంత్రిగా

1893లో అస్మాన్ జా తరువాత వికారుల్ ఉమ్రా ప్రధానమంత్రి పదవి చేపట్టి 1901 వరకు కొనసాగాడు. మంత్రిమండలికి, శాసన పరిషత్తుకు ఏర్పాటు చేసిన ఖానూన్చా-ఎ-ముబారక్ వెలువడినది 1893లోనే. 1899-1900 నాటి తీవ్రమైన కరువు ఇతని పదవీకాలంలోనే సంభవించింది. ప్యాలెస్ అప్పుల భారం, రాజ్య పాలనాభారం రెండూ ఇతనిపై ఒకే దశాబ్దంలో పడ్డాయి. 1901లో ఇతని స్థానంలో మహారాజా కిషన్ ప్రసాద్ ప్రధాని అయ్యాడు.

చివరి సంవత్సరాలు

ఫలక్‌నుమా అనుభవం తరువాత కూడా వికారుల్ ఉమ్రా నిర్మాణాలు మానలేదు. బేగంపేటలో పాయగా ప్యాలెస్‌ను కట్టించాడు. ఈ భవనంలో 2008 నుండి 2023 వరకు అమెరికా కాన్సులేట్ కార్యాలయం పనిచేసింది. స్పానిష్ మసీదుగా పేరు పొందిన బేగంపేట మసీదును కూడా ఇతనే ప్రారంభించాడు. అది పూర్తి కాకముందే 1902 ఫిబ్రవరి 15న మరణించాడు. కుమారుడు సుల్తానుల్ ముల్క్ మసీదు నిర్మాణాన్ని పూర్తి చేశాడు.

తరువాతి చరిత్ర

మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఫలక్‌నుమాలోనే మరణించాడు. ఆ తరువాత అది నిజాము అతిథిగృహంగా మారింది. 1951లో అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసిన తరువాత చాలాకాలం మూతపడి ఉంది. తాజ్ సంస్థ దీనిని పునరుద్ధరించి 2010లో హోటలుగా ప్రారంభించింది. శిస్తుపై జీవించిన ప్రభువుకు ఖర్చుగా మాత్రమే మిగిలిన కట్టడం, అతిథి సత్కారమే ప్రధాన వ్యాపారంగా గల సంస్థ చేతికి వచ్చిన తరువాత రాబడి తెచ్చే ఆస్తిగా మారింది.

పాయగాలు 1949లో జాగీర్ల రద్దుతో ముగిసిపోయాయి. ఇతని పేరు మోస్తున్న వికారాబాదు మాత్రం రైలు కూడలిగా ఎదిగింది. 2016 అక్టోబరు 11న తాండూరు, పరిగి తదితర ప్రాంతాలతో కలిసి ఏర్పడిన వికారాబాదు జిల్లాకు కేంద్రమైంది.